ఇటుక తాగేస్తుంది, వార్నిష్ తోసేస్తుంది: మా ఫైర్‌ప్లేస్ గోడకి రంగు మార్చిన అనుభవం

మా హాల్లో ఒక గోడ మొత్తం ఫైర్‌ప్లేస్‌దే. మధ్యలో నేల నుంచి కప్పుదాకా ముదురు ఎర్ర ఇటుక, దానికి అటూ ఇటూ గోడలోనే బిగించిన పుస్తకాల అరలు, ఆ అరలకి పచ్చబడిన వార్నిష్. కట్టిన రోజుల్లో ఇదే ఫ్యాషన్ అయి ఉంటుంది. ఇప్పుడు మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకుంటే గానీ పుస్తకం వెన్ను మీది పేరు కనబడేది కాదు. గదిలోకి వచ్చిన వెలుతురుని ఇటుక మింగేస్తే, మిగిలిన కాస్తనీ వార్నిష్ పసుపు చేసేసేది. పైగా పొయ్యి నోటి చుట్టూ మెరుపు పోయిన ఇత్తడి ఫ్రేము ఒకటి.

పగలగొట్టించి కొత్తది కట్టించుకోవాలన్న ఆలోచనని మొదట్లోనే పక్కన పెట్టేశాం. ఇటుక గట్టిగా ఉంది, చెక్క ఇంకా గట్టిగా ఉంది. నచ్చనిది రంగొక్కటే. అయితే రంగే మారుద్దాం అనుకున్నాక తెలిసింది, ఇందులో చిక్కు ఎక్కడుందో. పక్కపక్కనే ఉన్న ఆ రెండిటివీ పూర్తిగా ఎదురు స్వభావాలు. ఇటుక ఏది పూసినా తాగేస్తుంది. వార్నిష్ చెక్క ఏది పూసినా తోసేస్తుంది. చివరికి రెండిటి మీదా ఒకే రంగు కనబడాలి. అందుకే ఏ రంగు అన్న దానికంటే రంగు కింద ఏముండాలి అన్నదాని మీదే నా బుర్ర ఎక్కువ పని చేసింది. చేతులకి పని పడిందీ అక్కడే.

మామయ్యగారికి ఇది అస్సలు నచ్చలేదు. "ఇటుక మొహాన రంగు పూస్తే మళ్ళీ తియ్యలేవమ్మా, బాగా ఆలోచించుకో" అన్నారు. "అలాగే మామయ్యగారూ, ముందు కింద మూల రెండు ఇటుకల మీద వేసి చూపిస్తాను, మీరు సరేనన్నాకే మిగతాది" అన్నాను. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. పెయింట్ ఇటుక రంధ్రాల్లోకి దిగిపోతుంది. రసాయనాలు పూసి గీకినా సందుల్లో మచ్చలు మిగులుతాయి. ఇసుకని గాలితో కొట్టి వదిలిస్తే రంగుతోపాటు ఇటుక పైపొర కూడా పోతుంది. బట్టీలో కాలి గట్టిపడేది ఆ పైపొరే, అది పోతే ఇటుక రాలడం మొదలుపెడుతుంది. కాబట్టి ఇటుకకి పెయింట్ వెయ్యడమంటే వెనక్కి రాని నిర్ణయమే. అది తెలిసి దిగాలి.

పెయింట్ ఒక్కటే దారి కూడా కాదు. సున్నం వెయ్యొచ్చు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. పైన పొరలా కూర్చోకుండా ఇటుకని పట్టుకుని ఉంటుంది, లోపలి తేమని బయటికి పోనిస్తుంది. ఇటుక రంగు అక్కడక్కడా తొంగిచూస్తూ అందంగా కూడా ఉంటుంది. పెయింట్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి, పూసి, తడిగా ఉండగానే గుడ్డతో తుడిచెయ్యడం ఇంకో పద్ధతి. సిమెంటు ముద్దని పైన పలచగా రాసి, గీకి వదిలెయ్యడం మరొకటి. నిజానికి నా మనసు సున్నం మీదే ఉంది.

దాన్ని తేల్చింది నీటి చుక్క. గోడ మీద రకరకాల ఎత్తుల్లో కాసిన్ని నీళ్ళు చిలకరించి చూశాను. పై వరసల్లో చుక్క పడీ పడగానే ఇంకిపోయి ముదురు మచ్చ అయింది. చేతికందే ఎత్తులో, పొయ్యి నోటికి దగ్గరగా ఉన్న వరసల్లో మాత్రం చుక్క గుండ్రంగా నిలబడి, మెల్లగా కిందికి జారింది. అంటే ఎప్పుడో ఎవరో అక్కడివరకు సీలర్, అదే నీళ్ళు ఇంకకుండా ఆపే పూత, కొట్టారన్నమాట. కంటికి ఏ తేడా కనబడదు, నీళ్ళు పడితేనే తెలుస్తుంది. సున్నం పట్టాలంటే ఇటుక పీల్చాలి. సగం పీల్చి సగం పీల్చని గోడ మీద సున్నం వేస్తే పైన ఉంటుంది, కింద పొట్టు లేస్తుంది. అలా పెయింట్ ఖాయమైంది. ఈ పరీక్షకి ఖర్చు లేదు, శ్రమ లేదు. ఎవరైనా సరే రంగు డబ్బా కొనకముందే చేసి చూడాల్సినది ఇది.

చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఒక మూల ఇటుకల మీద తెల్లటి పొడి కనబడింది. అది ఉప్పు. లోపలి తేమ బయటికి వస్తూ ఇటుకలోని లవణాలని వెంట తెచ్చి, ఆరిపోయాక పైన వదిలేస్తుంది. దాన్ని పొడి బ్రష్‌తోనే దులపాలి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. అసలు ప్రశ్న ఆ తేమ ఇంకా ఉందా లేదా అన్నది. ఆ మూల ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేప్‌తో అంటించి మర్నాటిదాకా వదిలేశాను. వెనక చెమ్మ కనబడలేదు. ఉండి ఉంటే పని అక్కడితో ఆపి చిమ్నీ పైకప్పు చూపించాల్సి వచ్చేది. చెమ్మ ఉన్న గోడకి రంగు వేస్తే నీరు బయటికి పోయే దారి వెతుక్కుంటూ రంగునే బుడగలుగా లేపుతుంది. చిమ్నీ శుభ్రం చేసే ఆయన్ని కూడా ఈలోపే పిలిపించాం. రంగు వేశాక ఆ పని పెట్టుకుంటే మసి మొత్తం కొత్త గోడ మీద పడుతుంది.

అరల దిగువన ఉన్న చిన్న తలుపుల లోపల పాత పెయింట్ ఉండటంతో సీసం పరీక్ష కూడా చేశాను. అమెరికాలో ఇళ్ళ పెయింట్లలో సీసాన్ని 1978లో నిషేధించారు, చాలా దేశాల్లో అది ఇంకా ఆలస్యంగా జరిగింది. పాత పెయింట్‌ని గరుకు కాగితంతో రుద్దితే ఆ సీసం ధూళిగా మారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, పిల్లలున్న ఇంట్లో అసలు పనికిరాదు. మాది బాగానే వచ్చింది.

ఇక మసి. ఈ అధ్యాయం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. పొయ్యి నోటికి పైన, చెక్క మాంటెల్ (పొయ్యి పైన అడ్డంగా ఉండే పలక) కింద, గోపురం ఆకారంలో నల్లటి మచ్చ ఉండేది. అలవాటుగా తడిగుడ్డ తీసుకుని రుద్దితే పోతుందనుకుంటాం. మసిలో జిడ్డు ఉంటుంది. తడి తగిలితే నల్లటి రసమై ఇటుక రంధ్రాల్లోకి ఇంకిపోతుంది, ఆ తరవాత దాన్ని బయటికి లాగడం ఎవరి తరమూ కాదు. ముందు పొడిగానే చెయ్యాలి. వాక్యూమ్‌కి బ్రష్ తగిలించి పైపైన పీల్చి, తరవాత మసి తీయడానికే అమ్మే రబ్బరు స్పాంజితో పైనుంచి కిందికి ఒకే దిశలో తుడుచుకుంటూ వచ్చాను. గుండ్రంగా రుద్దితే మసి పరుచుకుంటుంది. స్పాంజి ఒక ముఖం నల్లబడగానే తిప్పాలి, అన్ని ముఖాలూ నల్లబడితే పైపొర కోసి పారేసి లోపలి శుభ్రమైన రబ్బరుతో మళ్ళీ మొదలుపెట్టాలి. దాన్ని కడగకూడదు.

పొడిగా వచ్చినంతా వచ్చాక తడి వంతు. నేను ట్రైసోడియం ఫాస్ఫేట్ అనే ఘాటైన శుభ్రం చేసే పొడి వాడాను. జిడ్డుని బాగా విరిచేస్తుంది, చేతుల్నీ కళ్ళనీ కూడా వదలదు. గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి. గోరువెచ్చని నీళ్ళలో కలిపి, ముందు మంచినీళ్ళతో ఇటుకని కాస్త తడిపి, అప్పుడు నైలాన్ బ్రష్‌తో రుద్దాను. ముందే తడిపితే ఇటుక కడుపు నిండి మురికి నీటిని తక్కువ పీలుస్తుంది. సందుల్లోకి పాత టూత్‌బ్రష్. ఇనప తీగల బ్రష్ జోలికి పోలేదు, దాని తీగముక్కలు ఇటుకలో ఇరుక్కుని తరవాత తుప్పు మరకలు వదుల్తాయి. కడిగిన నీళ్ళు మొదట టీ డికాక్షన్ రంగులో, తరవాత బూడిదరంగులో వచ్చాయి. నీళ్ళు తేటబడేదాకా మంచినీళ్ళతో తుడుస్తూనే ఉన్నాను. ఫాస్ఫేట్ కొంచెం మిగిలినా దాని మీద ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత, పట్టదు. ఇటుక పైకి గంటల్లోనే ఆరినట్టు కనబడుతుంది గానీ లోపల రోజుల తరబడి తడి ఉంటుంది. ఆ వ్యవధిలో ఫ్యాను పెట్టేసి అరల మీద పడ్డాను.

ఇటుకల మధ్య ఒకటి రెండు చోట్ల సిమెంటు రాలిపోయి ఉంటే ఆ పని వచ్చినవాళ్ళతో ముందే పూడ్పించాం. కొత్త సిమెంటు క్షారగుణం ఎక్కువగా ఉంటుంది, సుమారు 28 రోజులు ఆరితే గానీ మామూలు పెయింట్‌ని భరించదు. అందుకే పని పెట్టుకోవాలన్న ఆలోచన రాగానే మొట్టమొదట చేయించాల్సింది ఇదే.

అరలు ఖాళీ చేయడం గురించి ఒక్క ముక్క: ఏ అర ఎక్కడిదో కనబడని అంచున పెన్సిల్‌తో రాసుకోండి. గోడలోని అరలన్నీ ఒకే కొలతలా కనబడతాయి, ఉండవు. కదిపే అరలు నిలిచే చిన్న రంధ్రాలన్నిట్లో టూత్‌పిక్‌లు గుచ్చాను, లేకపోతే రంగు దిగి పూడుకుపోతాయి.

మా అరల పలకలు ఓక్ పొర అంటించిన ప్లైవుడ్, వెనక పలకలు ముడులున్న పైన్ చెక్క. రెండూ రెండు రకాల తలనొప్పులు. ఓక్‌కి లోతైన గీతలుంటాయి, రంగు వేశాక కూడా అవి గీరినట్టు కనబడతాయి. పైన్ ముడుల్లో జిగురు ఉంటుంది, అది తెల్లరంగులోంచి పసుపు మచ్చలై బయటికి వస్తుంది. వెంటనే వస్తే నయమే. వారాల తరవాత, అంతా సర్దేసుకున్నాక వస్తుంది.

అన్నిటికంటే దిగువ అర అడుగున, ఎవరికీ కనబడని చోట, ఒక ముడిని కలుపుకుని మూడు గడులు గీసుకున్నాను. ఒక గడిలో వార్నిష్ మీద నేరుగా నీటి ఆధారిత ప్రైమర్. రెండో దాంట్లో గరుకు కాగితం కొట్టాక అదే ప్రైమర్. మూడో దాంట్లో గరుకు కాగితం, ఆపైన షెల్లాక్ (లక్క) ప్రైమర్. బాగా ఆరనిచ్చి బ్లేడుతో అడ్డం నిలువు గాట్లు పెట్టి, టేప్ అదిమి అంటించి, ఒక్క లాగు లాగాను. మొదటి గడిది టేప్‌తో మొత్తం వచ్చేసింది, మిగిలినది గోటికే ఊడింది. రెండోది కదల్లేదు గానీ ముడి ఉన్నచోట లేత పసుపు వలయం తేలింది. మూడోది ఊడనూ లేదు, మచ్చ రానూ లేదు. వార్నిష్ మీద రుద్దకుండానే పడుతుందని చెప్పే డబ్బాలున్నాయి. ఉంటే ఉండనీ. పుస్తకాలు రోజూ జరిపే అర మీద ఆ మాట నమ్మి దిగడం నావల్ల కాదు.

రుద్దడమంటే వార్నిష్ మొత్తం తీసెయ్యడం కాదు, మెరుపు చంపడం. 150 నంబరు గరుకు కాగితంతో చెక్క గీతల వెంట, పైన తెల్లటి పొడి సమంగా తేలేవరకు. ప్లైవుడ్ మీది ఓక్ పొర చాలా పలచన, అంచుల దగ్గర చెయ్యి బలంగా పడితే కింది చెక్క బయటపడుతుంది. అంచుల్ని యంత్రంతో కాకుండా చేత్తోనే రుద్దాను. కాగితం దూరని మూలల్లో మెరుపు తీసే ద్రవం గుడ్డతో రాశాను. తరవాత ఓక్ పలకల పైముఖాలకి మాత్రం లప్పం పలచగా పట్టించి గీతలు నింపి, ఆరాక 220తో నునుపు చేశాను. అడుగు ముఖాలకి అక్కర్లేదనిపించింది, పడుకుని చూసేవాళ్ళెవరు? ధూళి వాక్యూమ్ చేసి, తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిస్తే చెక్క సిద్ధం.

షెల్లాక్ అంటే మన లక్కే. దాన్ని ఆల్కహాల్‌లో కరిగించి తెల్ల పొడి కలిపితే ఈ ప్రైమర్. మసిని, చెక్క జిగురుని, పొగ వాసనని కూడా బిగించి ఉంచడంలో దీన్ని మించింది లేదు. 20 నిమిషాల్లో చేతికి అంటకుండా ఆరిపోతుంది, ముప్పావు గంటకి రెండో కోటు వెయ్యొచ్చు. ఆరేదాకా వచ్చే ఆవిరి మాత్రం నిప్పు తగిలితే అంటుకుంటుంది. లక్క ఇంటి కథ విన్నవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. కిటికీలన్నీ తెరవాలి. గ్యాసు ఫైర్‌ప్లేస్ ఉన్నవాళ్ళు లోపల ఎప్పుడూ వెలుగుతుండే చిన్న పైలట్ మంటని ఆర్పి, గ్యాసు కట్టెయ్యాలి. రంగు వేసేది పొయ్యి పక్కనే అన్న సంగతి పనిలో పడితే గుర్తుండదు. ఆవిరి ఆపే సరైన మాస్కు పెట్టుకోవాలి, దుమ్ము మాస్కు దీనికి చాలదు. షెల్లాక్ త్వరగా బిగుసుకుంటుంది కాబట్టి ఒకసారి లాగిన చోటికి బ్రష్‌తో మళ్ళీ వెళ్ళకూడదు, వెళ్తే గట్లు కడుతుంది.

ఇటుకకి అంతా షెల్లాక్ వెయ్యలేదు. పొయ్యి పైన మసి పట్టిన భాగానికి మాత్రం షెల్లాక్ కొట్టి, మిగతా గోడకి క్షారాన్ని తట్టుకునే యాక్రిలిక్ ప్రైమర్ వేశాను. సీలర్ ఉన్న వరసల్ని ముందు గరుకు కాగితంతో బాగా రుద్ది, అక్కడ కూడా గాట్ల పరీక్ష చేసి, నీళ్ళు నిలబడటం తగ్గాకే ముందుకెళ్ళాను. మామయ్యగారికి మాటిచ్చిన రెండు ఇటుకలూ ఇప్పుడే పూర్తిచేసి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని దగ్గరగా చూశారు. "గరుకుతనం పోలేదు కదా, సరే కానివ్వు. ఆ లోపలి నల్ల ఇటుకల్ని మాత్రం ముట్టుకోకు" అన్నారు. లోపలి ఇటుకల గురించి ఆయన చెప్పకపోయినా అదే చేసేదాన్ని. మంట తగిలే చోట మామూలు పెయింట్‌కి స్థానం లేదు. యాక్రిలిక్ పెయింట్లు సుమారు 90 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటాయి.

ప్రైమర్ పడగానే అరలన్నీ తెల్లబడి, అప్పటిదాకా కనబడని సందులన్నీ బయటపడ్డాయి. అర గోడని కలిసేచోట, పలకలు ఒకదాన్నొకటి తాకేచోట సన్నటి నల్లగీతలు. యాక్రిలిక్ సీలెంట్‌ని సన్నగా వదిలి, తడివేలితో ఒక్కసారి లాగి నింపాను. ఈ చిన్న పనే అరలకి పాతదనం పోగొట్టింది, రంగు కంటే కూడా. సిలికాన్ సీలెంట్ అయితే దాని మీద పెయింట్ నిలవదు, కొనేటప్పుడు చూసి తీసుకోవాలి.

రంగు ఎంపికలో మా ఆయనకీ నాకూ కుదరలేదు. ఇటుక తెల్లగా, అరలు ముదురుగా ఉండాలని ఆయన. రెండూ ఒకటే అయితే గోడ ఒక ముక్కగా నిలబడుతుందని నేను. వాదించుకోకుండా పెద్ద అట్టముక్కల మీద రెండేసి కోట్లు వేసి గోడకి ఆనించాం. చిన్న రంగు కార్డుల మీద తెలుపులన్నీ ఒకలాగే ఉంటాయి. గోడ దగ్గరికొచ్చేసరికి ఒకటి నీలంగా, ఒకటి గులాబీగా, ఒకటి పాలమీగడలా తేలింది. మా నేల ఎర్రటి చెక్క, దాని ఛాయ గోడ కింది సగం మీద పడుతుంది. అందుకే నీలం తెలుపు బూడిదగా, గులాబీ తెలుపు ఇంకా గులాబీగా కనబడ్డాయి. కొంచెం పసుపు, కొంచెం బూడిద కలిసిన వెచ్చటి తెలుపు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్ల కింద కూడా ఒక్కలా నిలిచింది. ఇటుకకీ అరలకీ అదే ఖాయం చేసి, అరల వెనక పలకలకి మాత్రం ఆయన కోరిన ముదురు ఆకుపచ్చ బూడిదరంగు. పుస్తకాల వెనక ముదురు ఉంటే అర లోతుగా కనబడుతుందని ఇప్పుడు నేనూ ఒప్పుకుంటాను. రంగు ఒకటే అయినా డబ్బాలు రెండు: ఇటుకకి మెరుపులేని యాక్రిలిక్, అరలకి సాటిన్ గుడ్డలా కాస్త మెరుపున్న ఎనామెల్ (గట్టిగా ఆరే పెయింట్). ఇటుక మీద మెరుపుంటే ప్రతి గుంతా లైటు కింద మెరుస్తుంది. అరల మీద మెరుపు లేకపోతే పుస్తకం జరిపినప్పుడల్లా గీత పడుతుంది.

ఇటుకకి రంగు వేయడంలో రోలర్ వంతు తరవాతే. ముందు బ్రష్‌తో సందులు. రెండు వరసల ఇటుకల మధ్య లోపలికి పోయిన సిమెంటు గీతల్ని బ్రష్ కుచ్చుతో పొడుస్తూ నింపుకుంటూ పోవాలి, లాగితే సరిపోదు. ఒక గజం మేర సందులు నింపి, అవి ఆరకముందే ఇటుక ముఖాల మీద రోలర్ తిప్పాను. రోలర్ బొచ్చు ముప్పావు అంగుళం ఉంటే గుంతల్లోకి దిగుతుంది, నునుపు గోడలకి వాడేది ఇటుక నుదుటిని మాత్రం తాకి వచ్చేస్తుంది. ప్రైమర్ ఉన్నా మొదటి కోటుని ఇటుక ఎలా పీల్చిందంటే, రంగు పెట్టిన చోటే అరనిమిషంలో మసకబడింది. దగ్గరగా చూస్తే ముఖం నిండా సూదిమొనంత రంధ్రాలు ఎర్రగా కనబడుతున్నాయి. వాటిని చూసి అక్కడే మళ్ళీ మళ్ళీ కుక్కాలనిపిస్తుంది. వద్దు. కారుతుంది. ఆరనిచ్చి రెండో కోటుకి రోలర్‌ని కింది నుంచి పైకి, తరవాత అడ్డంగా తిప్పితే ముప్పాతిక వంతు పూడుకుపోతాయి. మిగిలిన వాటిని చిన్న బ్రష్‌తో, పక్కనుంచి టార్చ్ వేసి చూస్తూ పట్టుకున్నాను. కొన్ని వదిలేశాను కూడా. ఇటుక ఇటుకలా కనబడాలి కదా. నునుపు గోడకి డబ్బా మీద రాసిన లెక్కతో పెయింట్ కొంటే ఇటుకకి చాలదు, దాదాపు రెట్టింపు పడుతుంది.

అరల పని దీనికి తలకిందులు. అక్కడ ఎంత ఎక్కువ పెడితే అంత బాగుండేది, ఇక్కడ ఎంత తక్కువ పెడితే అంత. వెనక పలక, పక్కలు, అర అడుగు, అర పైముఖం, చివరికి ముందు అంచు, ఆ వరసలో. మూలలకి ఏటవాలు బ్రష్, మిగతాదానికి పొట్టి మైక్రోఫైబర్ రోలర్. ఎనామెల్ పూసిన కొద్ది నిమిషాలకే పైన చర్మం కట్టడం మొదలవుతుంది. ఆ టైంలో ఒక వెంట్రుక కనబడిందనో, చిన్న గీత ఉందనో వేలు పెడితే పెద్ద గాయం అవుతుంది. ఆరాక 320 కాగితంతో రుద్దితే ఆ వెంట్రుక దానంతటదే పోతుంది. నాకు అన్నిటికంటే కష్టమైన పని ఆ చూస్తూ ఊరుకోవడమే. టేప్‌ని చివరి కోటు పూర్తిగా గట్టిపడకముందే, రంగు వేసిన వైపుకి కాకుండా వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాను. ఆరిపోయిన చోట ముందు బ్లేడుతో గీత పెట్టాను.

ఇత్తడి ఫ్రేముని విప్పి ఆరుబయటికి తీసుకెళ్ళి, జిడ్డు తుడిచి, సన్నగా రుద్ది, అద్దాలకి కాగితం కట్టి, వేడిని తట్టుకునే నల్ల స్ప్రే పలచపలచగా కొట్టాను. ఈ రకం పెయింట్లు 650 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటాయి. అయితే అవి పూర్తిగా గట్టిపడేది గాలికి కాదు, వేడికి. మొదటిసారి పొయ్యి వెలిగించినప్పుడు వాసన, కాస్త పొగ వస్తాయి. చిన్న మంట పెట్టి చల్లారనివ్వాలి, తరవాత కాస్త పెద్దది, ఆ తరవాత ఇంకొంచెం పెద్దది. కిటికీలు తెరిచి ఉంచాలి. ఆ సంగతి తెలియకపోతే ఏదో కాలిపోతోందని టెన్షన్ పడతారు. పొయ్యి ముందున్న నల్లరాతి అరుగుకి ఏ రంగూ వెయ్యలేదు. కాళ్ళు, కట్టెలు, బూడిద తొట్టి తగిలే చోట ఏ పెయింటూ ఎక్కువ కాలం నిలవదు.

అన్నీ అయ్యాక ఓపిక పట్టాల్సింది పుస్తకాల విషయంలో. ఎనామెల్ ఒక పూటలో ఆరుతుంది, గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు బరువైన పుస్తకాలు పెడితే అట్ట పెయింట్‌కి అంటుకుంటుంది, తీసినప్పుడు పెయింట్ అట్టతో వస్తుంది, లేదా అట్ట పెయింట్‌తో ఉండిపోతుంది. అడుగు అర లోపలి మూల గోటితో నొక్కి చూస్తూ వచ్చాను. గుర్తు పడినన్నాళ్ళూ పుస్తకాలు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. గోరు జారిపోయిన రోజు తేలికైనవి ముందు, నిఘంటువులు ఆఖరున సర్దాను.

చలికాలం ఒకటి గడిచింది. ముడులు బయటికి రాలేదు. పొయ్యి పైన రెండు వరసలు కాస్త మసకబడ్డాయి. చల్లగా ఉన్న చిమ్నీ పొగని లాగకపోవడమే దీనికి కారణం. కట్టెలు పెట్టేముందు కాగితం చుట్ట ఒకటి వెలిగించి గొట్టం దగ్గర కాసేపు పట్టుకుంటే గాలి పైకి లాగడం మొదలవుతుంది, అప్పటినుంచి మసి పడటం తగ్గింది. పడిన దాన్ని అదే రబ్బరు స్పాంజితో పొడిగానే తీస్తున్నాను. కట్టెల బుట్ట తగిలి ఇటుక అంచు ఒకచోట పెచ్చు లేచింది. మిగిలిన పెయింట్‌ని గట్టి మూతలున్న రెండు చిన్న సీసాల్లో పోసి, మీద రంగు నంబరు, తేదీ, ఏది ఇటుకది ఏది అరలది అని రాసి పెట్టాను. పెచ్చు లేచిన చోట సన్న బ్రష్‌తో ముందు ప్రైమర్ చుక్క, ఆరాక ఇటుక సీసాలోని రంగు పెడితే అతుకు కనబడలేదు.